నాలుగో కోత

పదకొండు రోజులే మిగిలాయి. ఈలోగా మూడో అంతస్తులోని తమ ఫ్లాటు అమ్ముడుపోకపోతే, తాము కొనాలనుకున్న వీధి చివరి కింది అంతస్తు ఇంటిని దాని యజమాని వేరేవాళ్లకు అమ్మేస్తాడు. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ బెంగంతా అదే. బస్సు డ్రైవరైన ఆమె భర్త మోకాలు విరిగినప్పటి నుంచి మెట్లు దిగలేదు. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని నడుస్తున్నాడు గానీ, లిఫ్టు లేదు. నాలుగు నెలలుగా అతని లోకం రెండు గదులూ ఒక బాల్కనీ.

ఫ్లాటు అమ్మకానికి పెట్టి కూడా దాదాపు అంతే అయింది. ధర తగ్గిస్తే జనం ఎగబడతారని మూడుసార్లు తగ్గించింది. వచ్చినవాళ్లు గోడలు తట్టి చూశారు, బాత్రూములో వాసన పీల్చారు. "ఇంతకీ ఈ ఇంట్లో ఏం జరిగిందండీ?" అని గొంతు తగ్గించి అడిగారు.

నాలుగో కోతకు సిద్ధపడి బ్రోకరుకు ఫోన్ చేసింది. పెద్దాయన అరగంటలో రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"మళ్లీనా? ఇంకోసారి తగ్గిస్తే ఇంట్లో దెయ్యం ఉందని ఖాయం చేసుకుంటారమ్మాయ్!"

"ఉంది బాబాయిగారూ," అన్నాడు డ్రైవరు మంచం మీంచి. "పొద్దున్నే లేపి మందులు మింగిస్తుంది."

"మీరు కాసేపు ఊరుకోండి. మరేం చెయ్యమంటావ్ బాబాయ్?"

"రెండుసార్లు వచ్చి చూసిన కుర్ర జంట గుర్తుందా?"

"వాళ్లకి నచ్చలేదుగా?"

"నచ్చకపోతే రెండోసారి ఎందుకొస్తారు? నిన్న వెళ్లి అడిగా. ఇంటికి బ్యాంకు లోన్ ఇస్తోంది. రిజిస్ట్రేషన్ ఖర్చుకివ్వదు. అది చేతినుంచి పెట్టుకోవాలి, వాళ్ల చేతులు ఖాళీ. నువ్వు ధర ఎంత కోసినా ఆ అడ్డు తీరదు. ధర కదపకు. ఆ ఖర్చు నువ్వు భరించు. ఒప్పందంలో రాసి, బ్యాంకుకు చెప్పే చేద్దాం."

నర్సమ్మ మందుల డబ్బా వెనక లెక్క వేసింది. తను కోద్దామనుకున్న దాంట్లో సగం కూడా కాలేదు.

"ముందే చెప్పొచ్చుగా!"

"అడిగితేగా? ప్రతిసారీ ధర మార్చేశాక ఫోన్ చేశావ్."

సాయంత్రం ఆ జంట వచ్చింది. మాట విన్న అమ్మాయి వంటగది గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "నిజంగానా అక్కా?" అని మూడుసార్లు అడిగింది. నాలుగోసారి అడగబోతే ఏడుపొచ్చింది.

తొమ్మిదో రోజున ఫ్లాటు రిజిస్ట్రేషన్ అయింది. ఆ డబ్బుతో వీధి చివరి ఇల్లు తమదైంది. పదో రోజున, ఫ్లాటు కొన్న కుర్రాడూ, బ్రోకరు పిలిపించిన ఇద్దరు మనుషులూ డ్రైవరును కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించారు. మలుపు మలుపుకీ ఆయన "ఎడమకి... ఇంకొంచెం... బ్రేకెయ్!" అని కేకలు వేస్తూనే ఉన్నాడు.

మర్నాడు నర్సమ్మ డ్యూటీ నుంచి వచ్చేసరికి కొత్త ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం ఖాళీ. చేతికర్ర లేదు. వెంటనే బ్రోకరుకు ఫోన్ చేసింది.

"బాబాయ్, ఆయన కనబడ్డం లేదు!"

"గాభరాపడకు. నా ఎదుట కుర్చీలోనే ఉన్నాడు. మంగలి షాపులో."

"ఒక్కరే వచ్చారా?"

"ఒక్కడే. నన్ను వరసలో వెనక్కి నెట్టి మరీ కూర్చున్నాడు."

ఫోన్లోంచి కత్తెర చప్పుడు, దాని మీద భర్త నవ్వు వినిపించాయి. ఆమె గుమ్మం మీదే కూర్చుంది.

"బాబాయ్..." అంది.

"సర్లేమ్మా," అన్నాడాయన. "తలుపేసుకో. మెల్లగా నడిపించుకొస్తా."