గీత పడని అడుగులు

సైమా ఎటు వెళ్లిందో పిడుగురాళ్ల సున్నపు బట్టీల వెనక వీధిలో నేలను చూసి చెప్పేయొచ్చు. తెల్లటి దుమ్ములో కుడిపాదం అచ్చు పడితే, ఎడమపాదం వేళ్లు ఈడ్చిన గీత పడుతుంది. పుట్టినప్పటి నుంచీ ఆ పాదం సరిగా లేవదు. ఐదేళ్లు నిండాయి. బడిపిల్లలు ఆ గీతను తొక్కుకుంటూ కూతురి వెనకాలే నడుస్తున్నారని తెలిసిన రోజు నుంచి అబిదాకు ముద్ద దిగడం లేదు.

నరసరావుపేటలో ఫిజియోథెరపీ చేసే గోపిక మేడం ఒక ఉపాయం చెప్పింది. పాప చీలమండకు ట్యూబు ముక్క కట్టి, నడుస్తుంటే వెనక నుంచి లాగి పట్టుకోవాలి, రోజూ పావుగంట. అబిదా భర్త అల్తాఫ్ మెకానిక్ షెడ్డు నుంచి లారీ ట్యూబు కోసుకొచ్చాడు. కానీ లేవని కాలును ఇంకా వెనక్కి లాగడమేంది? అబిదాకు చేతులు రాలేదు. పది రోజులుగా వదులుగా పట్టుకుని, "లాగుతున్నా మేడం" అని ఫోన్లో చెబుతోంది.

ఆ ఉదయం వీడియో కాల్లో మేడం పట్టేసింది. "ట్యూబు వేలాడుతోందమ్మా. నీ జాలి ఆ కాలికి ఏమీ నేర్పదు."

అబిదా కళ్లు తుడుచుకుని బిగించి లాగింది.

"అమ్మీ, పడతా!"

ఎదురింటి రోశమ్మ వాకిలి ఊడుస్తూ ఆగింది. "ఏమే, పిల్లను దూడను పట్టినట్టు పట్టుకున్నావేంది?"

"కాలికి నేర్పిస్తున్నా పిన్నీ."

"నేర్చుకునేది తలకాయ గానీ, కాలేం నేర్చుకుంటదే!"

పావుగంటయ్యాక ముడి విప్పి, "రోశమ్మ అవ్వ దగ్గరికి పో" అంది అబిదా.

సైమా కదిలింది. ఎడమపాదం కనపడని గడపేదో దాటుతున్నట్టు ఎత్తుగా లేచింది. మళ్లీ లేచింది. ట్యూబు తీసేసిన సంగతి కాలికింకా తెలియదు. లాగుతారని ముందే బలం కూడగట్టుకుంటోంది. అబిదా వంగి, పక్కనే నడుస్తూ పిల్ల మోకాలి కింద చేయి ఆనించింది. ఇన్నేళ్లూ ఆముదం రాస్తుంటే మెత్తటి పిండిలా తగిలిన కండ, పాదం లేవబోయే ముందే వేళ్ల కింద గట్టిపడుతోంది.

"యా అల్లా! దీనికెవరు చెప్పారు?"

పదకొండుసార్లు లేచిన ఎడమపాదం, పన్నెండో అడుగుకు మళ్లీ నేలను ఈడ్చింది. అబిదా వెంటనే ఫోన్ చేస్తే మేడం నవ్వింది. "మరిచిపోతుందమ్మా. నువ్వు మళ్లీ గుర్తు చెయ్యి. పోనుపోను ఆలస్యంగా మరిచిపోతుంది."

ఈలోగా రోశమ్మ ఊడ్చుకుంటూ అచ్చుల దాకా వచ్చింది.

"పిన్నీ, ఆగు! సైమా వాళ్ల అబ్బా వచ్చి చూడాలి."

రోశమ్మ కళ్లు చికిలించి చూసింది. గీత లేకుండా, విడివిడిగా పదకొండు ఎడమపాదాలు. చీపురు పైకెత్తి పట్టుకుని, వాటిని తొక్కకుండా పక్కగా నడిచి వెళ్లింది.

అబిదా ట్యూబు అందుకుంది. "రా బేటా, ఇంకోసారి."

ఈసారి ఆమె చేయి వదులు కాలేదు.