ముందే కప్పిన శాలువా

పని చేసినవాడికి ఎవరైనా శాలువా కప్పుతారు. మన తెలుగువాళ్ళున్నారే, చేస్తానన్నవాడికే కప్పేస్తారు. గోకుల్ విహార్ తెలుగు సంఘంవాళ్ళు సరిగ్గా ఆ పనే చేశారు. దేశ రాజధాని పక్కన ఇందిరాపురం దాటి కాస్త ముందుకెళ్తే వస్తుంది ఆ కాలనీ. 2006లో బతుకమ్మ పండక్కి వార్డు మెంబరు ఓంవీర్‌ని ముఖ్య అతిథిగా పిలిచారు. ఆయన మైకు పట్టుకుని, పార్కు కింద పగిలిన మురుగు గొట్టం చలికాలం వెళ్ళేలోగా మార్పించేస్తానన్నాడు. అంతే! సంఘం అధ్యక్షురాలు రాజేశ్వరమ్మ పొంగిపోయి పట్టుశాలువా కప్పింది, దండ వేసింది, నలుగురినీ పక్కన నిలబెట్టి ఫొటో తీయించింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఏడాది తిరిగినా గొట్టం మారలేదు. పార్కు మధ్య మురుగు మడుగు కట్టింది. మండే మే నెల ఎండకు కూడా అది ఎండలేదంటే చూడండి! ఆ నీరు భూమిలోకి దిగి పక్కనున్న మంచినీళ్ళ గొట్టంలో కలిసింది. కుళాయి తిప్పితే కంపు. ఎంత కాచినా, ఎంత వడగట్టినా, పళ్ళు తోముకునేటప్పుడో పుక్కిలించేటప్పుడో గుక్కెడు లోపలికి పోనే పోయేది. ఆ కాలనీలోనే ఉండే కస్తూరి కూతురు హాసినికి ఏప్రిల్‌లో కామెర్లు వచ్చాయి. తగ్గాయని ఊపిరి పీల్చుకునేలోగా ఆగస్టులో మళ్ళీ తిరగబెట్టాయి. పన్నెండో తరగతి పిల్ల, బడికి వెళ్ళిన రోజులకన్నా మంచం మీదున్న రోజులే ఎక్కువ.

కస్తూరి భర్త మనోహర్ కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. గట్టిగా తుమ్మితే పై అధికారి ఏమనుకుంటాడో అని ఆలోచించే మనిషి. ఆ మనిషే ఒకరోజు తెగేసి చెప్పాడు.

"దసరా సెలవులు కాంగనే పిల్లను జగిత్యాల పంపిస్త. మా అక్క దగ్గర ఉండి చదువుకుంటది."

"పన్నెండో క్లాసు నడుమల బడి మార్పిస్తవా? కన్నతల్లిని నేనుండంగ నా బిడ్డ ఇంకొకరింట్ల ఉండాల్నా?"

"నీ ఇంట్ల నీళ్ళు మంచిగుంటే నీ ఇంట్లనే ఉండు అందును. ఏం జెయ్యమంటవ్?"

  మర్నాడు కస్తూరి తిన్నగా మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్ళింది. ఓంవీర్ కుర్చీలోంచి కదలకుండా గోడ వైపు వేలు చూపించాడు. గోడ మీద అద్దాల చట్రంలో, పట్టుశాలువాతో ఆయనే నవ్వుతున్నాడు.

"బహన్‌జీ, మీవాళ్ళే సన్మానం చేశారు. పని జరగకుండానే చేస్తారా ఎవరైనా? పై ఆఫీసుకు మీ కాలనీ ఫిర్యాదు వెళ్తే నేను ఈ ఫొటోనే పంపాను. జనం సంతోషంగా ఉన్నారని ఫైలు మూసేశారు."

ఎంత బుద్ధిమంతుడండీ! మన చేత్తో మన కన్నే పొడిపించాడు.

కస్తూరి ఆ కోపంతోనే రాజేశ్వరమ్మ ఇంటికి వెళ్ళింది. ఆవిడది తెనాలి, రిటైరైన ఆఫీసరు గారి భార్య. విషయం విని రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"అయ్యో నా తల్లీ! మర్యాద చేస్తే మొహమాటానికైనా చేస్తాడనుకున్నానే!"

"మొహమాటం మనకుంటది గని వాళ్ళకెందుకుంటది ఆంటీ?"

"పోనీ, ఈసారి ఆ మొహం నాకు చూపించొద్దు. పిలవను గాక పిలవను."

"పిలువుర్రి. ముందటి కుర్చీలనే కూసుండవెట్టుర్రి. పాట నేను పాడుత."

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ఓంవీర్ ఇస్త్రీ నలగని తెల్లకుర్తాతో దిగాడు. వెంట తన సొంత ఫొటోగ్రాఫరు కూడానూ. మడుగు పక్కన మిగిలిన కాస్త పొడినేల మీద బతుకమ్మలు వరసగా ఉన్నాయి. తంగేడు, గునుగు ఈ ఉత్తరాదిలో ఎక్కడ దొరికి చస్తాయి? మండీలో కొన్న బంతిపూలే పేర్చారు, పైన పసుపు గౌరమ్మను పెట్టారు. చుట్టూ పంజాబీలు, బీహారీలు, ఇరుగుపొరుగంతా చేరారు. మనోహర్ మాత్రం చిట్టచివరి కుర్చీల వెనక నిలబడ్డాడు. "సర్కారు నౌకరి కస్తూరీ, జర సూసుకో" అని పొద్దున్నే బతిమాలాడు పాపం.

బతుకమ్మ పాటకి ఒక గొప్ప గుణముంది. వరస ఒకటే, మాటలు ఎవరివి వారివే. అత్త ఆరళ్ళూ పాడొచ్చు, దొర దౌర్జన్యమూ పాడొచ్చు. ఆడవాళ్ళు వలయంగా నిలబడ్డారు. కస్తూరి చప్పట్లతో ఎత్తుకుంది.

"పట్టుశాలువ కప్పితిమి ఉయ్యాలో, పగిలిన పైపు మారలే ఉయ్యాలో
మెంబరింట్ల సీసానీళ్ళు ఉయ్యాలో, మా ఇంట్ల మురికినీళ్ళు ఉయ్యాలో
మాటలేమొ తియ్యన ఉయ్యాలో, మా నోరేమొ చేదాయె ఉయ్యాలో
కన్నబిడ్డ కండ్లు చూడు ఉయ్యాలో, పసుపుపచ్చనాయె ఉయ్యాలో"

ఓంవీర్ తలాడిస్తూ తాళానికి తప్పకుండా చప్పట్లు కొట్టాడు. "బహుత్ సుందర్ భజన్!" అని పక్కవాళ్ళకి చెప్పాడు కూడా. తెలుగు మగాళ్ళు నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నారు. రాజేశ్వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

పాట అవగానే హాసిని మైకు అందుకుంది. ఆ పిల్ల పుట్టి పెరిగింది ఇక్కడే, హిందీ నీళ్ళు తాగినంత సులువు. ఒక్కొక్క చరణం హిందీలో చెబుతూ పోయింది, ఒక్క ముక్క మిగల్చకుండా. "కన్నబిడ్డ" దగ్గరికి వచ్చేసరికి తన వైపే వేలు చూపించుకుంది. "ఆ బిడ్డను నేనే" అంది. ఓంవీర్ చప్పట్లు ఆగిపోయాయి. ఇరుగుపొరుగువాళ్ళవి అప్పుడు మొదలయ్యాయి.

ఆయన దిగ్గున లేచాడు. "పిలిచి అవమానిస్తారా?"

"అవమానమేంది సార్?" కస్తూరి తనకొచ్చిన హిందీలోనే అడిగింది. పెద్ద బతుకమ్మను తాంబాళంతో సహా ఎత్తి ఆయన ముందు నిలబడింది. "గౌరమ్మను నీళ్ళల్ల వెయ్యాలె. ముఖ్య అతిథి మీరు. ఎక్కడ వెయ్యాల్నో మీరే చెప్పండి. మా కాలనీకి మీరిచ్చిన చెరువు ఇదే."

అందరూ మడుగు వైపు చూశారు. అది మురుగు అని తెలియనివాడు లేడక్కడ. అయినా తల్లిని అందులో వేయడమన్న మాట వినేసరికి అందరి ఒళ్ళూ జలదరించింది.

"ట్రాక్టర్ పంపిస్తాను, హిండన్ నదికి తీసుకుపోండి" అన్నాడు ఓంవీర్.

"ఒక్కపారి ఎత్తిన బతుకమ్మను ఏడికంటే ఆడికి తిప్పం. ఇంట్లకు మళ్ళా తీస్కపోం. ఈ మురికిల అసలే వెయ్యం. తవ్వే మిషన్ వచ్చినంకనే ఆ నదికి కదులుతం."

దాంతో ఆయన కళ్ళు ఎరుపెక్కాయి. గుంపు మీద ఒకసారి చూపు తిప్పి గొంతు పెంచాడు. "ఎవరి భార్య ఈవిడ? ఏ ఆఫీసు వాడిది? పొద్దున్నే వాడి పై అధికారికి ఫోన్ కొడతాను. ఉద్యోగం ఎలా ఉంటుందో చూస్తాను!"

కస్తూరి వెనక్కి తిరిగి చూసింది. చివరి కుర్చీల వెనక మనోహర్ లేడు. ఇంటికి వెళ్ళిపోయాడనుకుంది. తప్పు పట్టడానికి కూడా మనసు రాలేదు, ఆ మనిషి భయం ఆమెకి తెలియనిదా? తాంబాళం బరువుకి చేతులు లాగుతున్నాయి. ఇంతలో ఎవరో అవతలి అంచు పట్టుకున్నారు.

మనోహరే. కుర్చీలు తోసుకుంటూ వచ్చాడేమో, చొక్కా అంతా నలిగింది.

"నా భార్య సార్" అన్నాడు. మాట అందరికీ వినపడింది. తన పేరు చెప్పాడు, శాఖ పేరు చెప్పాడు, అధికారి పేరు కూడా తానే చెప్పాడు. "తప్పకుండా ఫోన్ చేయండి. చేసినప్పుడు ఈ నీళ్ళ సంగతి కూడా చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

ఇద్దరూ బతుకమ్మను దించారు. మనోహర్ దాని పక్కనే మట్టిలో బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. ఎదురింటి శర్మాజీ కూర్చున్నాడు. ఆడవాళ్ళంతా కూర్చున్నారు. రాజేశ్వరమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎవరో కుర్చీ తెచ్చారు. ఆవిడ తోసేసింది.

"కింద కూర్చుంటే మళ్ళీ లేవలేనర్రా నేను. మంచిదేగా, ఇవాళ లేవాల్సిన పనే లేదు!" అంటూ చతికిలబడింది.

ఓంవీర్ తన ఫొటోగ్రాఫరు వైపు చూశాడు. ఆ కుర్రాడు అప్పటికే ఫొటోలు తీస్తున్నాడు, మడుగువీ కూర్చున్న జనానివీ. "బంద్ కర్!" అని ఓంవీర్ అరిచాడు. జనం గొల్లున నవ్వారు. ఆయన ఇంకేం చేస్తాడు? జేబులోంచి ఫోన్ తీసి మిషన్ పంపమన్నాడు.

తవ్వే యంత్రం పార్కు గేటు దాటి లోపలికి వచ్చేదాకా ఒక్కరూ లేవలేదు. మొదటి మట్టిపెళ్ళ లేచాక మనోహర్ కూతుర్ని దగ్గరికి పిలిచాడు.

"ఇంటికి వోయి పుస్తకాలు తియ్యి బిడ్డా. పైపు వడేదాంక నేను, మీ అమ్మ రోజూ ఈడ్నే కూసుంటం. సెలవులైనంక నీకు బడి ఉన్నది. జగిత్యాల్ల కాదు, ఈడ."