మొద్దోడికి తలనూనె

మా ఆయన ముఖీత్ ఖాళీ పిస్తోలును చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు, అచ్చం మా అమ్మ కడప బజారులో కొబ్బరికాయను ఊపినట్టు. పెళ్లయిన ఏడో వారంలో, ఒమాన్‌లోని నిజ్వాలో, అది మొదటిసారి చూసి ఎంత నవ్వానంటే చేతిలో టీ ఒలికి సాసరు నిండిపోయింది. ఆ టీ కూడా ఆయన తాగేశారు. నాకు అదొక పండగ.

అది తొంభై మూడు జనవరి. యాకూబ్ అనే ఒమానీ పెద్దాయనకు నిజ్వాలో తుపాకులు అమ్మే, బాగుచేసే దుకాణం ఉండేది. అందరూ ఆయన్ని అర్బాబ్, అంటే యజమాని, అని పిలిచేవాళ్లు. దుకాణం వెనక వర్క్‌షాపు, దాని మీద మా ఒక్క గది. మా ఆయన ఐటిఐ ఫిట్టరు. ఎక్కడో దక్షిణాన ఉన్న రైసూత్‌లో ఫ్యాక్టరీ పని వదిలి ఇక్కడికొచ్చి ఆరు నెలలు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నేను వచ్చింది విజిట్ వీసా మీద. నెలాఖరుకు అది అయిపోతుంది.

అప్పుడే ఊళ్లోని షూటింగ్ క్లబ్బు వాళ్లు పిస్తోళ్లు కొంటామన్నారు. అర్బాబ్ మూడు కంపెనీలవి ఒక్కొక్కటి తెప్పించారు. ఏది నమ్మదగిందో ముఖీత్ ముందే చెప్పాలి. తర్వాత క్లబ్బు కెప్టెన్ షరీఫ్ కాల్చి చూస్తారు. మాట నిలబడితే మా ఆయన ఉద్యోగం ఖాయం, నా ఫ్యామిలీ వీసా కాగితం మీద అర్బాబ్ సంతకం. నిలబడకపోతే ఆయన మళ్లీ రైసూత్ బ్యాచిలర్ రూముకి, నేను కడపకి.

కంపెనీల పేర్లు నాకు నోరు తిరగక నేనే పేర్లు పెట్టాను. వెండిలా మెరుస్తూ ఒళ్లంతా లతలు చెక్కినది పెళ్లికొడుకు. వెంట్రుక దూరే సందు కూడా లేకుండా బిగువుగా ఉన్నది హెడ్మాస్టరు. నల్లగా, గరుకుగా, ఊపితే కాస్త గలగలమనేది మొద్దోడు. మా ఆయన మూడింటినీ విప్పి, మెరుగు పెట్టిన చోటు వదిలేసి, ఎవరూ చూడని లోపలి వైపు వేలితో తడిమారు. పెళ్లికొడుకు లోపల ఆకురాయి గీతలు అలాగే ఉన్నాయట. హెడ్మాస్టరు పనితనం గొప్పదే గానీ దుమ్ము తగిలితే అలుగుతాడట. మొద్దోడికి భాగాలు తక్కువ, ఉన్నవి మందం, వదులు కూడా కావాలని వదిలిందేనట. ఆయన మొద్దోడికే ఓటు వేశారు. అర్బాబ్ ముఖం చిన్నబోయింది. ఆయన మనసు పెళ్లికొడుకు మీద ఉంది.

ఆ సాయంత్రం వాళ్లిద్దరూ నమాజుకి వెళ్తూ నన్ను వర్క్‌షాపులో కాపలా ఉంచారు. బల్ల మీద మూడూ వరసగా ఉన్నాయి. మొద్దోణ్ణి చూస్తే జాలేసింది. పెళ్లిచూపుల రోజు అమ్మ నన్ను కూర్చోబెట్టి తలకు నూనె పెట్టిన సంగతి గుర్తొచ్చింది. కిటికీలో ఎండకు పెట్టిన కొబ్బరినూనె సీసా తెచ్చి, వాడికి ఒళ్లంతా రాసి, సందుల్లో కూడా నాలుగు చుక్కలు పోశాను. నిగనిగలాడాడు. బి.ఎస్సీ కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసు చేసిన పని ఇది.

మర్నాడు పొద్దున్నే ఊరి బయట కొండ పక్కన కాల్చే చోటికి వెళ్లాం. నా చేతిరాత బాగుంటుందని లెక్క రాసే పని అర్బాబ్ నాకే ఇచ్చారు. చలికి వేళ్లు వంగడం లేదు. పెళ్లికొడుకు యాభై గుళ్లలో రెండుసార్లు ఇరుక్కున్నాడు. హెడ్మాస్టరు యాభైకి యాభై. మొద్దోడి పైభాగాన్ని ముఖీత్ వెనక్కి లాగితే సగం దాకా వచ్చి, పాకంలో పడ్డ గరిటెలా నిలిచిపోయింది.

అర్బాబ్ అరబ్బీలో ఏదో గొణిగారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తన అంచనాయే తప్పనుకుని, క్షమించమనడానికి కెప్టెన్ వైపు తిరిగారు. నేను దగ్గరికి వెళ్లి చూశాను. సందుల నిండా తెల్లగా, వెన్నలా పేరుకుని ఉంది. సీసాను ఎండలో ఎందుకు పెడతానో అప్పుడు గుర్తొచ్చింది.

ఊరుకుంటే తప్పు మొద్దోడి మీదికి పోతుంది. ఉర్దూలో చెప్పేశాను. "తప్పు దానిది కాదు, ఈయనది కాదు. అది నా తలనూనె. చలికి గడ్డకట్టింది."

ముఖీత్ మెల్లగా అడిగారు. "నువ్వు చదివింది కెమిస్ట్రీయేనా, నఫీసా?"

"హోమ్ సైన్సు అనుకోండి."

కెప్టెన్ షరీఫ్ మీసం కింద నవ్వి, ఆ నూనె ఇంకా ఉందా అని అడిగారు. కొత్త పెళ్లికూతురి సంచిలో దువ్వెనా, చిన్న సీసా లేకుండా ఎలా ఉంటాయి? ఆయన పుల్లతో ఆ గడ్డను తీసి మిగతా రెండింటి సందుల్లోనూ కూరారు. ఇప్పుడు ముగ్గురూ సమానం, పనిముట్లు వద్దు, చేతులూ ఒక గుడ్డా అంతే అన్నారు.

గుడ్డ ఎవరి దగ్గరా లేదు. నా దుపట్టా అంచు ఇచ్చాను. ముఖీత్ మొద్దోణ్ణి ఉత్త చేతులతో విప్పి, తుడిచి, మళ్లీ కూర్చారు. యాభై గుళ్లూ ఆగకుండా వెళ్లాయి. హెడ్మాస్టరు విప్పడానికి వచ్చాడు గానీ ఆ బిగువులో చిక్కిన జిడ్డు వదల్లేదు, మూడో గుండుకే ఆగిపోయాడు. పెళ్లికొడుకు స్క్రూడ్రైవరు లేనిదే తలుపే తియ్యలేదు.

కెప్టెన్ నా పుస్తకం తీసుకుని మొద్దోడి పేరు కింద గీత గీశారు. ఆయన గీసింది నిజంగా 'మొద్దోడు' అన్న తెలుగు మాట కిందే. కంపెనీ పేరు రాయడం నేను మరిచిపోయాను.

మధ్యాహ్నం అర్బాబ్ వీసా కాగితం మీద సంతకం పెట్టారు. పెట్టి, కలం మూయకుండా, ఒక షరతు చెప్పారు. ఆ సీసా మెట్లు దిగి వర్క్‌షాపులోకి రాకూడదు.

రాలేదు. ఆ సాయంత్రం మా ఆయనే మెట్లెక్కి వచ్చి, నా ముందు కూర్చుని తల వంచారు. దుపట్టా మీది నల్ల మరక నేను ఉతకలేదు.