రెండు కుప్పలు

సంచిలో నాలుగు చీరలు పెట్టి, రెండు తీసేసి, మళ్ళీ ఒకటి పెట్టింది చిట్టి. ఎన్నాళ్ళు ఉండటానికి వెళ్తున్నదో తెలిస్తే ఎన్ని పెట్టాలో తెలిసేది. యాభై దాటినా ఆమెను అందరూ చిట్టి అనే పిలుస్తారు. పెళ్ళికాని ఆడది ఎంత వయసొచ్చినా ఇంట్లోవాళ్ళకు చిన్నపిల్లే, పనులు చెప్పేటప్పుడు తప్ప.

అన్నయ్యకు కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఫోన్ చేశాడు. "ఇద్దరిలో ఎవరో ఒకరు రండి. ఎవరైనా నాకొకటే" అన్నాడు. ఆయాను పెట్టుకోమంటే పరాయివాళ్ళు ఒళ్ళు తాకితే తనకు గిట్టదన్నాడు. చిట్టి "సరే అన్నయ్యా" అంది. అన్నయ్యతో ఆమె ఇంకో మాట ఎప్పుడూ అనలేదు.

"అడగ్గానే ఒప్పేసుకున్నావా?" అని వదిన ఆ రోజంతా గిన్నెలు గట్టిగా పెట్టింది.

వదిన అంటే ఆ అన్నయ్య భార్యే. కూరలో ఉప్పు తగ్గిందని కాక, తగ్గిందంటే "వేసుకోండి" అని బదులిచ్చిందని అతను కంచం విసిరిన పూట, చేతులు కడుక్కుని, కొంగు దులుపుకుని, చెప్పులేసుకుని బయటికి నడిచింది. చిట్టి అలా నడవలేదు. బయట ఓ గదిలో ఒంటరిగా ఉంటున్న వదినకు దొంగతనంగా రెండు ముద్దల అన్నం తీసుకెళ్ళి దొరికిపోయింది. "దానికి మోస్తున్నావుగా, దానితోనే ఏడువు" అని అన్నయ్య గుమ్మం చూపించాడు. అప్పటినుంచి వదినా ఆడపడుచులిద్దరూ ఈ అద్దె ఇంట్లో ఆఫీసులకు భోజనం క్యారియర్లు కట్టి బతుకుతున్నారు. వాళ్ళు ఒక్కసారైనా జుట్టూ జుట్టూ పట్టుకోకపోతారా అని ఇరుగుపొరుగు చాలాకాలం కాచుకుని, విసిగి మానేశారు.

ఇప్పుడు చిట్టి వెళ్ళిపోతే ఈ అద్దె వదిన ఒక్కతే కట్టలేదు. ఇల్లు ఖాళీ చేసి ఒంటిగదిలోకి మారాలి. పొద్దున్నే ఇంటి ఓనరమ్మ వచ్చి వంటింటి గోడ తడిమి వేలు చూపించింది.

"ఇద్దరే ఇద్దరు ఆడవాళ్ళు. ఇంత మసేంటమ్మా?"

"మా మగాళ్ళు వండి ఉంటే గోడ తెల్లగా ఉండేదంటారా?" అంది వదిన.

ఓనరమ్మ నవ్వింది గానీ సున్నం ఖర్చు మాత్రం కోసుకునే అడ్వాన్సు చేతిలో పెట్టింది. అన్నేళ్ళ పొగ తమ ఊపిరితిత్తుల్లోకి పోగా మిగిలింది గోడకు పట్టింది. దానికి కూడా తామే చెల్లించుకోవాలని చిట్టికి అప్పుడే తెలిసింది.

ఇక సామాను పంచుకోవాలి. ఆ ఇంట్లో ఏది పంచినా ఒకటే పద్ధతి, వదిన పెట్టింది. ఒకరు రెండు భాగాలు చేస్తారు, రెండోవాళ్ళు ముందు ఏరుకుంటారు. మామిడిపండైనా, పొద్దుటి పనీ సాయంత్రం పనీ అయినా అంతే. మొదటిసారి వదిన "ఏది కావాలో తీసుకో" అన్నప్పుడు చిట్టి బిత్తరపోయి నిలబడిపోయింది. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే తన వాటా అనుకుంటూ పెరిగిన మనిషి. ముందు ఏరుకోమని ఆమెతో అన్నది లోకంలో వదిన ఒక్కతే.

ఈసారి పంచే పని చిట్టి పట్టుబట్టి తీసుకుంది. హాల్లో ఓ మూల గ్యాస్ స్టవ్వు, గ్రైండరు, పెద్ద గిన్నెలు, క్యారియర్లన్నీ పెట్టి, పైన అడ్వాన్సు డబ్బుల కవరు ఉంచింది. రెండో మూల తన సంచీ, ఒక దుప్పటీ. పద్ధతి ప్రకారం వదిన ముందు ఏరుకోవాలి. కళ్ళున్న ఎవరైనా ఏ కుప్ప ఏరుకుంటారో చిట్టికి తెలుసు. అలా అయితే వదిన బతుకుతెరువుకు లోటుండదు, సగం నీదంటూ వాదనా ఉండదు.

"ఏరుకో వదినా."

వదిన రెండు కుప్పల చుట్టూ సంతలో బేరానికొచ్చినదానిలా తిరిగింది. స్టవ్వు మీద వేలితో కొట్టి చూసింది. తర్వాత వెళ్ళి సంచీ చేతిలోకి తీసుకుంది.

"ఇది నాది."

"అది కాదు వదినా! అందులో నా బట్టలున్నాయి."

"తీసేస్తాలే. నీ జాకెట్లు నాకు మోచేతిదాకా కూడా ఎక్కవు." వదిన కింద కూర్చుని చిట్టి చీరలు ఒక్కొక్కటే బయటపెట్టసాగింది.

"నిన్ను అన్ని మాటలన్నాడు. నీకేం ఖర్మ? వాడు నా అన్న."

"అందుకే. నిన్ను వాడు గెంటితే బయటికొచ్చావు. మళ్ళీ వాడు గెంటేదాకా ఆ ఇంట్లోనే ఉంటావు. నేను నా కాళ్ళతో నడిచొచ్చాను. నాకు దారి తెలుసు. వాడు లేచి నాలుగడుగులు వేస్తే చాలు, చెప్పులేసుకుంటాను." తలెత్తి చూసింది. "పంచింది నువ్వు, ఏరుకుంది నేను. ఇప్పుడు తొండి చెయ్యకు."

వద్దని చెయ్యి పట్టుకుని లాగాల్సిన చిట్టి, లోపల ఎక్కడో ఒళ్ళు తేలికవడం గమనించి, ఆ తేలికకు సిగ్గుపడి తల దించుకుంది.

వదిన వెళ్ళాక చిట్టి మారిన ఒంటిగదిలో క్యారియర్లు కట్టడం సాగింది. వదిన ఫోన్లో మొదట్లో జోకులేసేది. తర్వాత్తర్వాత "లేస్తున్నాడు, పట్టుకుంటే నడుస్తున్నాడు" అనేది. ఆ తర్వాత ఆమె మాటల వెనక నుంచి "ఎవరితోనే అంతసేపు?" అని అన్నయ్య గొంతు వినిపించేది, ఫోన్ ఆగిపోయేది. నేను వస్తానని చిట్టి అన్నప్పుడల్లా "కుప్పలు మార్చకు" అనేది వదిన.

ఒకరోజు అన్నయ్యే ఫోన్ చేశాడు.

"చిట్టీ, ఇక నువ్వే రావాలమ్మా. ఇంట్లో పొయ్యి వెలిగించేవాళ్ళు లేరు."

చిట్టి స్టవ్వు కట్టేసింది. "రాను" అంది.

వదిన మళ్ళీ రాలేదు. వెళ్ళిన రెండో ఏడు, వానలు మొదలైన వారంలో, ఆ ఫోన్‌కు పదిరోజుల ముందు, అన్నయ్య ఇంట్లో, అన్నయ్య కంటే ముందే పోయింది.