కడుపులో చుట్టం

విరుదునగర్ ఆసుపత్రిలో డాక్టర్ శివరంజని పొద్దున్నే చేసే మొదటి పని కొత్త కిడ్నీలను పలకరించడం. తాను మార్పిడి చేసిన ఒక్కొక్కరి పొత్తికడుపు మీదా స్టెతస్కోపు పెట్టి కాసేపు వింటుంది. పరాయి ఒంటి నుంచి వచ్చిన కిడ్నీ కొన్నాళ్లు మాట్లాడుతుందని అక్కడ వార్డు ఊడ్చే మనిషికి కూడా తెలుసు. ఒకటి నీళ్లడుగుతుంది. ఇంకొకటి శివకాశి బస్సు వచ్చిందా అంటుంది. కుదురుకున్నాక నోరు మూసుకుని పని చూసుకుంటాయి. అప్పుడామె మందు తగ్గిస్తుంది.

ఆ మందే ఆమెకు కంటి మీద కునుకు లేకుండా చేసేది. ఒంటికి కాపలా కాసే శక్తి కొత్త కిడ్నీని దొంగనుకుని తరిమెయ్యకుండా, ఆ కాపలాను జోకొట్టే మందు అది. తక్కువైతే కాపలా లేచి కిడ్నీ మీద పడుతుంది. ఎక్కువైతే దారిన పోయే ప్రతి రోగమూ లోపలికొస్తుంది. ఎంత తక్కువ మందుతో మనిషిని గట్టెక్కించవచ్చో కనిపెట్టడానికే ఆమె ఏళ్లు ధారపోసింది.

కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి ఊరి తెలుగు రైతు వెంకటసామి దగ్గర మాత్రం ఆ నేర్పు పనిచెయ్యలేదు. అతనిలోని కిడ్నీ ఎన్ని నెలలైనా కుదురుకోలేదు. "నాన్ కెళంబట్టుమా?" అని తమిళంలో అడుగుతూనే ఉంది, ఇక బయల్దేరనా అని. మందు తగ్గించినప్పుడల్లా రక్తపరీక్ష చెడేది. పెంచితే చేతులు వణికి కూటి గిన్నె కూడా పట్టుకోలేకపోయేవాడు. అప్పటికే ఊపిరితిత్తులకు నెమ్ము పట్టి చావు తప్పించుకున్నాడు. ఇంకోసారి పడితే మనిషి దక్కడు. శివరంజనికి నిజంగానే భయం వేసింది.

ఓ శనివారం కోవిల్‌పట్టిలో రోగులను చూసి, అటు నుంచటే వాళ్లింటికి వెళ్లింది. వెంకటసామి భార్య తాయమ్మాళ్ నీళ్లిచ్చి తమిళంలో కూర్చోమంది. బయటివాళ్లతో వాళ్లు తమిళమే మాట్లాడతారు, అందులో వింత లేదు. కానీ మొగుడికి కూడు వడ్డిస్తూ కూడా తమిళమే. కూతురు ప్రియాను కసిరిందీ తమిళంలోనే. శివరంజని చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆమె ఇంట్లోనూ గడప లోపల తెలుగే మరి.

"ఏం తాయక్కా, ఇంట్లో మన మాట లేదా?" అని తెలుగులో అడిగింది.

"అయ్యో, మీరూ మనోళ్లేనా! ఒక మాటన్నా చెప్పలేదే!" తాయమ్మాళ్ మొహం వెలిగింది. వెంటనే గొంతు తగ్గించింది. "లోపల అరవమాయన ఉండాడు గదమ్మా. ఆయన ముందర మన మాట మాట్లాడితే మర్యాదా? ఆపరేసన్ అయిన నాటి నుంచి ఇంట్లో అందరమూ అరవమే."

శివరంజనికి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఇంత మర్యాద చేస్తే ఏ చుట్టమైనా ఎన్నాళ్లుంటాడు? సంచి సర్దుకునే కూర్చుంటాడు. ఆసుపత్రిలో తన తెలుగు దాచుకుని, తమిళంలోనే పలకరిస్తూ తాను చేసిందీ అదే కదా!

"మర్యాద చాలక్కా. ఇంట్లో పిల్లోణ్ణి ఎట్ల తిడతావో అట్ల తిట్టు."

తాయమ్మాళ్ సిగ్గుపడింది. మొగుడి పొట్ట వైపు చూసి, "ఏమిరా..." అని నాలుక కరుచుకుంది. డాక్టరమ్మ కానిమ్మని తలూపింది.

"ఏమిరా, ఎప్పుడు జూసినా పోతా పోతా అంటావు? యాడికిరా పోయేది? కూడు సల్లారిపోతుండాది, తిని గమ్మున పండుకో!"

వెంకటసామి కడుపు కదిలేలా నవ్వాడు. లోపలి నుంచి బదులు రాలేదు.

ఆ వారం శివరంజని గుండె చిక్కబట్టుకుని మందు కొంచెం తగ్గించింది. రక్తపరీక్ష చెడలేదు. మళ్లీ తగ్గించింది. అప్పుడూ చెడలేదు. హమ్మయ్య అనుకుని, ఆ పూట చాన్నాళ్లకు కడుపునిండా అన్నం తింది.

తర్వాతి నెల వెంకటసామి విరుదునగర్ వచ్చాడు. వార్డులో ఇచ్చిన నిండు టీ గ్లాసును చుక్క ఒలకకుండా పట్టుకుని తాగాడు. శివరంజని అతని పొత్తికడుపు మీద స్టెతస్కోపు పెట్టింది.

"ఇంకా పోతాననే అంటోందా మేడమ్?" నర్సు కర్పగం తమిళంలో అడిగింది.

శివరంజని వినమన్నట్టు చెయ్యెత్తింది. లోపలి నుంచి అచ్చం తాయమ్మాళ్ యాసలో, విసుగ్గా ఒక గొంతు వచ్చింది.

"అయిపోయిందా డాక్టరమ్మా? ఆడ కూడు సల్లారిపోతుండాది. ఇంటికి పోదాం."

శివరంజని చీటీలో ఇంకో మాత్ర కొట్టేసింది.

"పోండి నాయనా," అంది తెలుగులో, నర్సు ముందరే.