ఊఁ కొట్టే మనిషి

పాత టేపుల్లో రొద తీసేయడం నా ఉద్యోగం. హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొద్దస్తమానం దగ్గులూ కుర్చీల కిర్రులూ ఏరిపారేస్తుంటాను, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. నా పక్కన దగ్గాలన్నా జనం భయపడతారని ఆఫీసులో వేళాకోళం. మొన్నటిదాకా నేనూ నవ్వేదాన్ని.

మా మావయ్య ట్రంపెట్ వాయిస్తాడు. వీధిలో అందరికీ బాకా మాస్టారు. జాజ్ సంగీతమంటే ఆయనకి ప్రాణం. దాని పుట్టుక నాకు చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆఫ్రికా నుంచి అమెరికాకి ఎత్తుకొచ్చి బానిసలుగా అమ్మిన మనుషులు ఎండలో పొలం పని చేస్తూ, ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు బదులు పాడేవారట. ఆ పిలుపూ ఆ బదులూ ప్రార్థనల్లోకీ వీధి బ్యాండుల్లోకీ పాకి చివరికి జాజ్‌లోకి వచ్చాయట. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాళ్లు ఉండాలి కదా, ఇదీ అంతే అనేవాడు. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేదాన్ని.

అత్త పోయిన రెండేళ్లకి ఆయన ఒక టేపు తెచ్చాడు. ముప్పై ఏళ్ల కిందట కార్మికుల క్లబ్బులో వాయించినది. ఇంకో కాపీ లేదు, కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టమన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. టేపు మీద పూత అప్పటికే రాలిపోతోంది. కంప్యూటర్లోకి ఎక్కేదాకా ఒక్కసారి తిరిగి, ఆపైన ముక్కలైపోయింది.

ఎక్కించినదాంట్లో ఆయన వాయించి ఆగినప్పుడు ఎవరో మైకు దగ్గర లోగొంతుతో "ఊఁ" అంటున్నారు. నాకు చిరాకేసింది. ఒక్కొక్కటే వెతికి నలభై మూడు తీసేశాను. శుభ్రం చెయ్యని మొదటి కాపీ దాచి తీరాలని మా ఆఫీసు నియమం. ఇంటి పనే కదా అని దాన్ని కూడా చెరిపేశాను.

ఆదివారం ఉదయం మావయ్య కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాను.

"మీ అత్త ఏదమ్మా?" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ఆ రోజు అత్త మైకు పక్కనే స్టూలు మీద కూర్చుని మధ్యమధ్య ఊఁ కొట్టిందట. ఫొటోలు బోలెడున్నాయి గాని ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదట. నిజం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. టేపు అరిగిపోయిందనీ, ఆ గొంతు అసలు వినపడలేదనీ చెప్పాను.

"అయితే తప్పు నాదే. ముందే తేవలసింది" అన్నాడాయన.

తిట్టినా బాగుండేది. ఆ తప్పు నాది, ఆయన నెత్తిన పెట్టుకున్నాడు, నేను చూస్తూ ఊరుకున్నాను. ప్రతి ఆదివారం వెళ్లి ఆయన ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టాను. పాపం కడుక్కుందామని వెళ్లేదాన్ని గాని, వినగా వినగా ఆ సంగీతం నాకు పట్టుబడింది. ఆయన నాలుగు స్వరాలు వాయించి ఆగే చోటు ఖాళీ కాదు, ఎదుటి మనిషి కోసం వదిలిన చోటు. ఆ చోట్లలో ఉన్న మనిషినే నేను రొద అనుకున్నాను.

మొన్న ఆదివారం ఆయన క్లబ్బులో వాయించిన పాటే ఎత్తుకున్నాడు. మొదటి వరుస అయ్యాక ఆగాడు. టేపులో అత్త వెంటనే అనేది కాదు, ఒక ఊపిరి తీసుకుని అనేది. నా ప్రమేయం లేకుండానే నోరు కదిలింది.

"ఊఁ."

రెండోసారీ అన్నాను. మూడోచోట ఊరుకున్నాను. నాలుగోచోట మళ్లీ అన్నాను.

మావయ్య ట్రంపెట్ ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకి చూశాడు.

"మూడోచోట మీ అత్త కూడా ఊరుకుంది. నీకెలా తెలుసమ్మా?"

తలెత్తలేకపోయాను.

"వినపడింది మావయ్యా" అన్నాను. "నలభై మూడుసార్లు."