ఖాళీగా వదిలిన సగం పేజీ

టీవీలో ఆ యుద్ధం కథ అయిపోయిన రోజు మా తోడికోడలు ముక్కు చీదుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "వాడు తిరిగొస్తాడో రాడో చెప్పకుండా ఆపేశారేంటక్కా, వీళ్ళ మొహాలు మండ!" అంది. ఆ వెంటనే, అప్పుడే గుర్తొచ్చినట్టు, "అమ్మాయి ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం కారు పంపిస్తుందట. పాపని చూసుకోడానికి ఆరు నెలలు ఉండి వెళ్ళమంటోంది" అంది.

నేనప్పుడు ఒక ప్యాంటు కాలి మడత కుడుతున్నాను. సూది వేల్లో దిగింది.

మేమిద్దరం ఒకే ఇంటి కోడళ్ళం. అన్నదమ్ములిద్దరూ పోయాక ఈ రెండు గదుల్లో మిగిలాం. ముందు గదిలో కుట్టుమిషన్. జిప్పులు మార్చడం, నడుములు వదులు చేయడం, మడతలు విప్పి పొడవు పెంచడం మా పని. కొత్తవి కుట్టం, పాతవాటిని మనుషులకు సరిపెడతాం. మిషన్ తనది, చేతిపని నాది. దారాలు కత్తిరించే చిన్న కత్తెర మాత్రం ఇద్దరికీ కలిపి ఒక్కటే. "కత్తెర ఎక్కడ పెట్టావే?" అని నేను, "నీ ఒళ్ళోనే ఉంది, చూసుకో" అని తను. రోజంతా ఇదే పాట. ఇంకోటి కొనుక్కోవచ్చు. ఎందుకో కొనుక్కోలేదు.

ఆరు నెలలంటే ఆరు నెలలతో పోయేది కాదని నాకు తెలుసు. ఆ ఇంట్లో పసిపిల్ల, పొద్దున్నే ఉద్యోగాలకు పరిగెత్తే తల్లీ తండ్రీ. మా వయసులో ఇల్లు కదిలిన మనిషి మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చోవడం నేనెక్కడా చూడలేదు.

నాకు వీడ్కోళ్ళంటే భయం. మా అమ్మ పోయినప్పుడు నేనింకా బస్సులోనే ఉన్నాను. మా ఆయన పోయినప్పుడు ఆసుపత్రి కింద అంతస్తులో ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పట్టుకుంటున్నాను. పైకి వెళ్ళేసరికి నర్సు దుప్పటి సర్దుతోంది. వెళ్ళిపోయేవాళ్ళతో చెప్పాల్సిన మాటలు కొన్ని ఉంటాయనీ, అవి అందరికీ తెలుసనీ, నాకొక్కదానికే తెలియవనీ నా బెంగ.

అందుకే ఆ టీవీ కథలో వంతెన సీను నన్నంతగా పట్టుకుంది. రాజుల కాలం నాటి కథ. గుర్రాలకు నాడాలు కొట్టే ఒక కమ్మరిని సైన్యం లాక్కుపోతుంది. వానలో, వంతెన మీద, భార్య పరిగెత్తుకొస్తుంది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకుంటారు. ఆ మాటలు మాకు సగం వినబడలేదు. ఒకపక్క వయొలిన్ల మోత, ఇంకోపక్క మా తోడికోడలి ఏడుపు. వినబడ్డ సగానికే నా గుండె చెరువైంది. మిగతా సగం కూడా నాకు కావాలి. ఆదివారం లోపల కావాలి.

దానికి మూలం ఒక నవల అని చివర్లో అక్షరాలు పడ్డాయి. మర్నాడే లైబ్రరీకి వెళ్ళి తెచ్చుకున్నాను.

నేను బడి మొహం చూడలేదు. కొలతలు గీసుకునే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. అవన్నీ చెయ్యి ఆకారంలోనో మెడ ఆకారంలోనో కత్తిరించిన వార్తలు. మంత్రిగారు దేనికో కొబ్బరికాయ కొట్టబోతుండగా చంక దగ్గర వార్త తెగిపోయేది. దాంతో చదువంటే నాకు మొదట్నుంచీ ఒక అనుమానం ఉండిపోయింది, మిగతాది ఎవరో కత్తిరించుకుపోయారని.

"ఇంత లావు పుస్తకమా!" అంది మా తోడికోడలు దాన్ని చేత్తో తూస్తూ. "ఇది నువ్వు చదివేలోపు ఆ యుద్ధం ఇంకోసారి జరిగిపోతుంది. చూసేసిన కథే కదక్కా, ఉన్న కళ్ళు పోగొట్టుకోవడం దేనికి?"

"నా కళ్ళు, నా ఇష్టం."

"అలాగేలే. సూదిలో దారం ఎక్కించమని నా దగ్గరికి రాకు మరి."

మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కూర్చుని చదివాను. మొదట్లో కమ్మరి అన్నచోటల్లా టీవీలో అందగాడే కనబడేవాడు. పుస్తకంలో మనిషేమో పొట్టి, ఒక చెవి నిప్పురవ్వ పడి కాలిపోయింది. కొన్ని పేజీలకే ఆ కాలిన చెవివాడు అందగాణ్ణి నా బుర్రలోంచి బయటికి నెట్టేశాడు. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా అందగాడి మొహం గుర్తు రాలేదు.

సైన్యం వచ్చే భాగం వచ్చింది. సాయంత్రం దూరంగా ఢంకా వినబడుతుంది. కమ్మరి సుత్తి కింద పెట్టి, చేతులు కడుక్కుని లోపలికి వెళతాడు. అంతే, అధ్యాయం అయిపోయింది. కింద సగం పేజీ తెల్లగా ఉంది. పేజీ తిప్పితే, "తెల్లవారింది. ఆమెకు నిచ్చెన కనబడలేదు" అని మొదలైంది. మనిషి అప్పటికే వెళ్ళిపోయాడు. వానా లేదు, వంతెనా లేదు, ఒక్క మాటైనా లేదు.

వెనక్కీ ముందుకీ తిరగేశాను. పేజీల అంకెలు సరిగ్గానే ఉన్నాయి. అయినా నా అనుమానం నాదే. పుస్తకం సంచిలో వేసుకుని లైబ్రరీకి నడిచాను.

"ఇందులో ఎవరో కాగితాలు చింపేశారమ్మా" అన్నాను లైబ్రరీ అమ్మాయితో.

ఆ పిల్ల చూసి నవ్వింది. "వంతెన సీను గురించేనా పెద్దమ్మా? టీవీ చూసి వచ్చినవాళ్ళందరిదీ ఇదే గోల. నిన్న ఒకాయనైతే, 'ఇది నకిలీది, అసలు పుస్తకం ఇవ్వండి' అని కూర్చున్నాడు." లోపలికెళ్ళి ఇంకో ప్రతి తెచ్చి అక్కడే తెరిచి చూపించింది. అదే చోట, అంతే మేర, సగం పేజీ తెల్లగా ఉంది.

"మరి ఆ మాటలు?"

"టీవీ వాళ్ళు కల్పించుకున్నారు. రాసినాయన రాయలేదు."

ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆ రాసినాయన్ని తిట్టుకున్నాను. అంత లావు పుస్తకం రాసిన మనిషికి నాలుగు మాటలు రాయడానికి చేతులు రాలేదా? పుస్తకాన్ని మిషన్ మీద పడేశాను. కానీ ఆ నిచ్చెన ఏమైందో తెలియక కుట్టుపనిలో మనసు నిలవలేదు. మళ్ళీ తీశాను.

ఆ తర్వాత నాకు జరిగింది ఎలా చెప్పాలో తెలియదు. టీవీలో యుద్ధమంటే మంటలు, గుర్రాల గుంపులు, గోడలు అదిరే చప్పుడు. పుస్తకంలో అది కమ్మరి భార్య పెరట్లో మొదలైంది. సైన్యం ఇంటి ముందు దారినే పోతోంది, గోడ అడ్డం కాబట్టి ఆమెకి కనబడదు. ఆరేసిన దుప్పటి మీద దుమ్ము పడుతుంది. తీసి మళ్ళీ ఉతికి ఆరేస్తుంది. మళ్ళీ దుమ్ము. పొద్దుగూకింది, తెల్లారింది, దుమ్ము మాత్రం ఆగలేదు. అంతమందా! అనిపించింది నాకు. తెర నిండా గుర్రాలు చూసినా అందని సంగతి ఒక తడి దుప్పటి చూస్తే అందింది. పుస్తకం మూసి మా బాల్కనీలో దండెం వైపు చూశాను.

అక్కడ యుద్ధభూమిలో కమ్మరి, పడిపోయిన గుర్రాల కాళ్ళు ఎత్తి చూస్తాడు. తను కొట్టిన మేకుని బట్టి గుర్రాన్ని గుర్తుపడతాడు. గుర్రం పేరు పైకి అంటాడు, దాని మీద ఎక్కినవాడి పేరు అనడు. నేనూ అంతే, నేను వేసిన కుట్టు ఎక్కడ కనబడినా గుర్తుపడతాను. ఈ సంగతి నేనెవరితోనూ అనలేదు. ఎప్పటివాడో, ఎక్కడివాడో, ఆ రాసినాయనకి ఎలా తెలిసింది?

ఇంటి దగ్గర ఆమె మొగుడి పేరే ఎత్తదు. వాన వచ్చినప్పుడల్లా ఇల్లు కారుతుంది. పెట్టె మీద పెట్టె వేసుకుని ఎక్కుతుంది, పొరుగువాళ్ళు నిచ్చెన ఇస్తామన్నా తీసుకోదు. "మాది ఉంది, ఎక్కడ పెట్టాడో ఏంటో" అంటుంది. రాజులు మారతారు, ఆమె తల నెరుస్తుంది, ఆ మాట మాత్రం మారదు. ఆ తెల్లటి సగం పేజీ పుస్తకం పొడుగునా వెంట నడిచి వస్తోందని నాకు మెల్లగా అర్థమైంది. నా చేతుల్లో అది బరువెక్కింది.

శనివారం మధ్యాహ్నం చివరి పేజీకి వచ్చాను. పక్క గదిలో మా తోడికోడలు పెట్టె సర్దుకుంటోంది. పుస్తకంలో ఒక ముసలివాడు గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చెవి కాలి ఉంది. ఆమె తలెత్తి చూసింది. ఏడవలేదు, పరిగెత్తలేదు.

"నిచ్చెన ఎక్కడ పెట్టావు?" అంది.

"వాళ్ళు దాన్నీ తీసుకుపోయారు" అన్నాడు.

అంతటితో పుస్తకం అయిపోయింది. నేను బిగ్గరగా నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చేశాను.

"ఏమైందక్కా? ఎవరికేమైంది?" అంటూ చేతిలో చీరతోనే పరిగెత్తుకొచ్చింది మా తోడికోడలు.

"ఏం కాలేదు. కళ్ళు మండుతున్నాయి."

"నే చెప్పలా!"

ఆదివారం కారు వచ్చింది. డ్రైవరు పెట్టెలు కిందికి దించాడు. మెట్ల దగ్గర నిలబడి నా నోటికొచ్చిన మాటలు ఇవి: "మందులు చేతిసంచిలోనే పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా. గ్యాస్ కట్టేశావో లేదో రెండుసార్లు చూసుకో. నీ కంగారుకి మూడోసారి కూడా చూస్తావులే." కారెక్కబోతూ ఆగి, "ఇంతకీ వాడు తిరిగొచ్చాడా లేదా? చదివేశావుగా?" అంది.

"నువ్వొచ్చి చదువుకో."

"అబ్బో, రెండక్షరాలు చదివేసరికి ఎంత బెట్టో!"

కారు మలుపు తిరిగింది.

పైకి వచ్చి, సగంలో ఆపిన చొక్కా తీసుకుని గుండీ కుట్టాను. ముడి వేసి చెయ్యి చాపాను. కత్తెర లేదు. ఒళ్ళో లేదు, మిషన్ కింద లేదు, డబ్బాలో లేదు. దాన్నీ తీసుకుపోయిందన్నమాట.

సాయంత్రం ఫోన్ చేసింది. చేరానంది, పాప నవ్విందంది, అల్లుడు మరీ మెతకంది, నువ్వు తిన్నావా అంది. అన్నిటికీ జవాబు చెప్పాను. కత్తెర సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. దాన్ని ఫోనులో అడిగి పాడుచేయను. తను వచ్చి గుమ్మంలో నిలబడ్డ రోజున అడుగుతాను.

ఫోన్ పెట్టేసి, మిగిలిన నాలుగు పళ్ళతో దారం తెంపి, చొక్కా మడత పెట్టాను.